లాలి ఉత్త ఏడ్పు

లాలి ఏడిస్తే కళ్ళలో నీళ్ళు రావు. తండాలో ఇంతకన్నా పెద్ద తప్పు లేదు. మనిషి తాగొచ్చు, పక్కవాడి గట్టు జరపొచ్చు, పంచాయితీలో అబద్ధమాడొచ్చు. నలుగురూ కూర్చుని సర్దేస్తారు. కానీ లంబాడీ ఆడవాళ్ళు చాలా రోజులకు కలిస్తే ఒకరి మెడ ఒకరు పట్టుకుని, రాగం తీసి ఏడవాలి. అదే పలకరింపు. బాగున్నావా అని అడిగి ఊరుకుంటే బస్సులో పక్కసీటు వాళ్ళతో మాట్లాడినట్టు.

తల్లి చనిపోయినప్పుడు లాలి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి తన తండా నుంచి పెద్దవంగర పక్కనున్న చెల్లెలు కళావతి ఇంటికి పోయింది. చెల్లెలి మెడ పట్టుకుని, తల్లి చేసిన ప్రతి మంచీ వరసపెట్టి చెప్పుకుంటూ గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చింది. కళావతి తల ఎత్తి, అక్క చెంప తడిమి చూసింది. పొడిగా ఉంది.

"నోటితోని ఏడుస్తున్నవా బాయీ? యాడి సచ్చిపోతె గూడ నీ కంట్ల చుక్క లేదు!"

బాయి అంటే వాళ్ళ భాషలో అక్క, యాడి అంటే అమ్మ. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు.

నిజానికి లాలికి నోరు కూడా ఎండిపోయేది. జొన్నరొట్టె నీళ్ళలో ముంచనిదే గొంతు దిగేది కాదు. కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. పళ్ళు పుచ్చి ఒకటొకటే ఊడాయి. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకునేవి కావు. ఊళ్ళో సూదిమందు వేసే ఆగయ్య నాలుక చూసి "వేడి చేసింది" అన్నాడు. మా వైపు మనిషికి ఏమొచ్చినా ముందు వేడే చేస్తుంది మరి! సబ్జా గింజలు తాగమన్నాడు, మజ్జిగ తాగమన్నాడు, ఎందుకైనా మంచిదని షుగర్ పరీక్ష చేశాడు. షుగర్ లేదని తేలాక ఆయన ముఖమే కొంచెం చిన్నబోయింది.

ఇంతలో కళావతి కూతురు కవితకు పెళ్ళి కుదిరింది. పిలుపు లాలి భర్త దస్రు పేరు మీద వచ్చింది. లాలి ఊసు లేదు. అత్తగారింటికి పోయే పిల్ల పెద్దమ్మ మెడ పట్టుకుని ఢావ్లో పాడి ఏడవాలి, ఢావ్లో అంటే సాగనంపే పాట. కవితను చంకనేసుకుని తిప్పిన పెద్దమ్మ లాలే. పోవాలి, పోతే కన్నీళ్ళతోనే పోవాలి అనుకుంది. ఉల్లిగడ్డలు కోసింది. మిరపకాయలు నూరిన చేతితో కళ్ళు నలుపుకుంది. కళ్ళు మండాయి, ఎర్రబడ్డాయి, నీళ్ళు మాత్రం రాలేదు.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు, వంటావార్పు అంతా రోడ్ల మీదే. తండా ఆడవాళ్ళతో పాటు లాలి కూడా పోయి పొయ్యి దగ్గర కూర్చుంది. "నీళ్ళు, నిధులు, నియామకాలు" అని అందరూ అరుస్తుంటే లాలి నీళ్ళ దగ్గరే ఆగిపోయి సీసా ఎత్తి తాగేది. పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు. నాయకులు, విలేకర్లు, గాలి తిరిగాక పోలీసులు కూడా ముక్కూ మూతీ ఏకం చేసి ఏడ్చారు. లాలి మాత్రం గంటె పట్టుకుని నిలబడింది. జేఏసీ నాయకుడు దయాకర్ కళ్ళు తుడుచుకుంటూ మైకు అందుకున్నాడు.

"చూడుండ్రి గీ అక్కను! గ్యాసుకు గూడ కన్నీళ్ళు పెట్టలె. ఆడబిడ్డ అంటె గిట్లుండాలె!"

అందరూ చప్పట్లు కొట్టారు. చెల్లెలి ఇంట్లో రాతిగుండె, రోడ్డెక్కేసరికి వీరనారి.

మర్నాడు వీరనారి కళ్ళు తెరవలేకపోయింది. దయాకరే జీపులో హనుమకొండ తీసుకుపోయాడు. కళ్ళ డాక్టరు సులోచన పరీక్ష చేసి, "ఏడిస్తె నీళ్ళొస్తయా అమ్మా?" అని అడిగింది.

లాలి వెనక్కి జరిగింది. చెల్లెలు ఇక్కడిదాకా కబురు పెట్టిందా ఏంది? "గది మీకెవలు చెప్పిండ్రు?"

"నీ కండ్లే చెప్తున్నయ్."

డాక్టరు కింది రెప్పకు సన్నటి కాగితం ముక్క తగిలించి కళ్ళు మూసుకోమంది. కాసేపటికి తీస్తే కాగితం ఎట్లా పెట్టిందో అట్లా పొడిగానే ఉంది. వేళ్ళ కణుపులు నొక్కి చూసి, కీళ్ళ డాక్టరు దగ్గరికి పంపింది. అక్కడ రక్తం తీశారు, కింది పెదవి లోపల గింజంత ముక్క కోసి పరీక్షకు పంపారు. సమ్మె వల్ల ఫలితం ఆలస్యమైంది. చివరికి షోగ్రెన్ జబ్బు అని తేలింది. వేడి కాదు.

"ఒంట్ల కావలి కాసే సైన్యం ఉంటదమ్మా," అన్నాడు కీళ్ళ డాక్టరు. "బయటి రోగం వస్తె కొట్లాడాలె. నీ ఒంట్ల అది దారి తప్పి, కన్నీళ్ళు, ఉమ్మి ఊరే గ్రంథుల మీదనే పడ్డది. కీళ్ళనొప్పులు గూడ గందుకే. పూర్తిగ పోదు గని, మందులతోని మంచిగనే బతకొచ్చు."

"అంటె మనోళ్ళే మన నీళ్ళు ఆపిండ్రా?" అంది లాలి. పక్కనున్న దయాకర్‌కు ఆ మాట తెగ నచ్చింది. చేతిలో మైకు లేదు.

"మీ ఇంట్ల ఇంకెవలకన్న ఉందా?" అని అడిగాడు డాక్టరు.

"ఎవలకు లేదు సారూ," అంది లాలి.

కళ్ళలో వేసుకునే చుక్కల మందు ఇచ్చారు. లాలి ఆ సీసా కొంగున ముడేసుకుని, తనను పిలవని పెళ్ళికి పోయింది. కళావతి ముఖం తిప్పుకుంది. పిల్లను పంపే వేళకు లాలి పందిరి వెనక్కి పోయి, తలెత్తి చుక్కలు పోసుకుంటుండగా కళావతి కంటపడింది.

"ఏడ్పు గూడ సీసల తెచ్చుకున్నవా?"

లాలికి కోపం ఆగలేదు. "అవ్, తెచ్చుకున్న! నాకు నీళ్ళు ఊరయి! జబ్బని డాక్టరు చెప్పిండు. లోపటి నుంచి ఏడ్పొస్తది, నీళ్ళు రావు. నోట్ల ఉమ్మి గూడ ఊరది. రొట్టె నీళ్ళల ముంచుకుంటెనే మింగుడుపడ్తది, ఎరికేనా?"

కళావతి దగ్గరికి వచ్చింది.

"యాడి గూడ ముంచుకునేది," అంది మెల్లగా.

తాగే నీళ్ళ చెంబు లేకుండా తల్లి చేనుకు పోయిన రోజు లాలికీ గుర్తులేదు. చనిపోయేనాటికి ఆ తల్లి నోట్లో పళ్ళే లేవు.

"నా పెండ్లిల యాడి కంట్ల చుక్క లేక ఉత్తగనే ఏడ్చింది బాయీ," అంది కళావతి. "నా పీడ పోతుందని సంబురపడ్డదనుకున్న. ఆమె సచ్చేదాక గది మనసుల్నే పెట్టుకున్న."

ఇక ఆగలేదు. అక్క మెడ పట్టుకుని, రాగం కూడా మరిచిపోయి, చిన్నపిల్లలా ఏడ్చింది. లాలీ ఏడ్చింది, తనకు వచ్చినట్టు. కాసేపటికి కళావతి తల ఎత్తి, అక్క చెంప తడిమి చూసింది. తడిగా ఉంది, ఆ తడి తనదేనని ఆమెకు తెలుసు. లాలి చేతిలోంచి సీసా తీసుకుంది.

"తల ఎత్తు బాయీ," అంది. "పిల్ల నీ కోసం సూస్తంది."