దోసెడు కొసరు

నేను ఏడో తరగతితో బడి మానేస్తే బాధపడింది అయ్యవారి బెత్తం ఒక్కటే. ఆ చదువుతోనే కంబదూరులో కిరాణా అంగడి నడిపాను.

రెండువేల సంవత్సరం తర్వాత ఒక పెద్ద కంపెనీ అనంతపురంలో సూపర్ మార్కెట్ తెరిచింది. నా బేరాలు అక్కడికి బస్సెక్కిపోతాయేమోనని భయమేసి, చూసొచ్చాను. అక్కడ ఎవరికి కావలసినవి వాళ్లే తీసుకుంటున్నారు. మర్నాడే నా అంగడి ముందు అడ్డంగా ఉన్న బల్ల పక్కకు జరిపి, జనాన్ని లోపలికి పిలిచాను.

మొదట వచ్చిన అవ్వ కిలో కందిబేడలు తనే తూచుకుని, కొసరంటూ ఇంకో దోసెడు సంచిలో పోసుకుంది.

"ఏమవ్వా, కొసరు దోసెడా? అనంతపురం అంగట్లో ఒక్క గింజైనా ఇస్తారా?"

"ఇయ్యరు లేప్పా, పోయి అడిగినా. మళ్లీ ఈడికి నీ మొగం చూసేకి వచ్చినాననుకుంటివా?"