గాదె అడుగున మిగిలిన రోజు

థీమ్ పార్కుకి మూడు రోజుల టికెట్లు కొని, రెండు రోజులకే తిరుగు రైలెక్కాం. రెండో రోజు పడవ ఊయల దిగాక మా ఆవిడకి కళ్ళు తిరగడం ఆగలేదు. విజయనగరం దాటినా, "నావల్ల ఒక రోజు పాడైపోనాది మావా" అని ఒకటే ఏడుపు. నేనేసిన జోకులకి అది ఇంకాస్త పెరిగింది.

ఎదుటి సీటులోని ముసలమ్మ మా టికెట్ల సంగతంతా విని అడిగింది: "ఆ మిగిలిన రోజు మల్లీ ఎల్తే పనికొస్తాదేటి?"

"ఏడాదిలోపు ఎప్పుడెల్లినా రానిస్తారమ్మా."

"మరి ఏడుపేటే అమ్మీ? గాదె కాళీ సేసినప్పుడు అడుగున దోసెడు ధాన్నెం ఉంచమేటి? అంతా ఊడిసెత్తే లచ్చిమి ఏటి సూసుకుని ఉంటాది?"

"మా ఇంటి లచ్చిమి నిన్నటినుంచి వాంతులు సేసుకుంతన్నాదమ్మా" అన్నాను.

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక నన్ను గిల్లింది. ముసలమ్మ కూడా నవ్వుకుంటూనే నెల్లిమర్లలో దిగిపోయింది.

నూర్పులయ్యాక, ఆ మిగిలిన రోజు కోసం మళ్ళీ వెళ్ళాం. పొద్దుగూకేదాకా మా ఆవిడ అన్నీ ఎక్కింది, పడవ ఊయలతో సహా. ఇక రంగులరాట్నం ఒక్కటే మిగిలింది. నేను వరసలో నిలబడబోతే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇది ఉంచెద్దాం మావా."