సగం తెరిచిన వార్డు

ఆ ఉదయం డ్రాయింగ్ గదిలో ఉన్నవాళ్ళం నలుగురం: హెడ్ డ్రాఫ్ట్స్‌మన్, పటాలకు నకళ్ళు తీసే ఇద్దరు ట్రేసర్లు, నేను. నా బల్ల మీద టీ-స్క్వేరు, నల్ల సిరా, ఎర్ర సిరా, కె.ఆర్.పురం రోడ్డుకు వేయబోయే కల్వర్టు పటం. కొత్తగా కట్టవలసిన గోడలను మేము ఎర్ర సిరాతో గీస్తాం. దగ్గు వచ్చింది, చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. చూస్తే పటం మీద ఎర్రటి చుక్క. సిరా ఒలికిందనుకుని బ్లాటింగ్ కాగితం అందుకున్నాను. ఎర్ర సిరా సీసాకు బిరడా పెట్టే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. పటం మళ్ళీ గీశాను. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది అది. ఇంజినీరింగ్ డిప్లొమా పూర్తి చేసి, ప్రభుత్వ పనుల శాఖలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం, చొక్కా కాలరు వదులవటం అంతకుముందే గమనించాను. ఒక్కొక్కదానికి ఒక్కో కారణం చెప్పుకున్నాను. రక్తానికి మాత్రం కారణం దొరకలేదు.

క్షయ ఆసుపత్రిలో స్పుటమ్ పరీక్ష, అంటే కఫం పరీక్ష, వెంటనే అయింది. ఫిల్ముల కొరత వల్ల ఎక్స్‌రేకు ఆగవలసి వచ్చింది. డాక్టరు ఫిల్మును కిటికీ వెలుగులో పట్టుకుని చూశారు.

"రైట్ అప్పర్ లోబ్‌లో క్యావిటీ ఉంది. లెఫ్ట్ క్లియర్. స్పుటమ్ పాజిటివ్. ఎ.పి. మొదలుపెడదాం."

కుడి ఊపిరితిత్తి పైభాగంలో గుంట పడింది, ఎడమది బాగుంది, కఫంలో క్రిములు ఉన్నాయి. ఎ.పి. అంటే పక్కటెముకల మధ్య సూది దించి గాలి ఎక్కిస్తారు. జబ్బుపడిన ఊపిరితిత్తి ముడుచుకుని విశ్రాంతి పొందుతుంది. గాలి తగ్గినప్పుడల్లా రీఫిల్.

"బెడ్ రెస్ట్ లేకుండా దాన్ని నమ్ముకోవద్దు," అన్నారు డాక్టరు. "ఇక్కడ బెడ్ ఖాళీ లేదు."

"ఎప్పుడు దొరుకుతుంది?"

"ఎవరైనా ఇంటికి వెళితే."

బెడ్లు ఖాళీ అయ్యే రెండో దారి గురించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

బళేపేటలో మా గాజుల అంగడి వెనక ఒకటే గది, వంటిల్లు. నాయన, అక్క, అక్క మూడేళ్ళ కూతురు, నేను. నా పళ్ళెం, నా గ్లాసు వేరుగా కిటికీ గట్టు మీద ఉండేవి. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచేసరికి పాప నా గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. మూతి తుడుచుకుంటూ, "మామా, నీ నీళ్ళు తీపుగా ఉండాయి," అంది. అక్క నా కోసం కలిపిన గ్లూకోజు నీళ్ళవి. గ్లాసు ఖాళీ.

ఆ రోజు నుంచి నా దగ్గు కంటే పాప దగ్గుకు ఎక్కువ భయపడ్డాను. నేను ఆ ఇంట్లోంచి బయటపడాలి. బెడ్ దొరకాలి.

ఆసుపత్రిలో రీఫిల్ షెడ్డు పక్కనే సున్నం కొట్టిన కొత్త వార్డు ఉండేది. తాళం వేసి ఉండేది. నాయన కిటికీలోంచి తొంగి చూసి, "లోపల మంచాలు లేవప్పా, అందుకే తెరవలేదు," అన్నాడు. మా పేటలో ధర్మం చేయటమంటే వస్తువు ఇచ్చి దాని మీద పేరు రాయించటం. అంగళ్ళన్నీ కలిశాయి. నెల తిరక్కుండా ఇరవై నాలుగు ఇనుప మంచాలు, ఒక్కొక్కదాని తలవైపు ఒక్కో పేరుతో, ఎద్దుబండ్ల మీద ఆసుపత్రికి చేరాయి. ముందు బండిలో నాయన, బట్టల వర్తకుడు శెట్టిగారు.

రీఫిల్ షెడ్డులో పనిచేసే నర్సమ్మ కోలారు వైపు మనిషి. బండ్లు చూసి నెత్తి కొట్టుకుంది.

"మంచాలు గోడౌన్లో బోలెడు ఉండాయి సామీ. పరుపులూ ఉండాయి. చూసుకునే మనుషులే లేరు."

రీఫిల్ చేయించుకుని బయటికి వచ్చిన నేనే వాళ్ళకు వివరించాను. బడ్జెట్‌లో వార్డు కట్టడానికి ఒక పద్దు, నడపడానికి ఇంకొకటి. మొదటిదానికి డబ్బిచ్చారు, మా శాఖ కట్టేసింది. నర్సుల జీతం, పాలు, మందులు ఏటా రెండో పద్దులో రావాలి. అవి అడగలేదో, అడిగితే కొట్టేశారో, మొత్తానికి లేవు.

శెట్టిగారు నర్సమ్మకేసి చెయ్యి చూపారు. "అట్లయితే నర్సునే ఇస్తాం. ఆయమ్మ మీద పేరు యాడ రాసేది?"

"నా నెత్తిన రాయండి శెట్టిగారూ, నెలనెలా జీతమొస్తే చాలు," అంది నర్సమ్మ.

అందరూ నవ్వారు. నాకు కుడిపక్క నొప్పి, నవ్వలేకపోయాను.

ఆ నొప్పి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరటం వల్ల. జ్వరం పెరిగింది. ఇంకో ఎక్స్‌రే తీశారు. ఈసారి డాక్టరు ఫిల్మును చాలాసేపు దించలేదు. "లెఫ్ట్‌లో చిన్న షాడో, మచ్చలాంటిది. అంతకుమించి ఇప్పుడు ఏమీ అనను." ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. మంచి ఊపిరితిత్తి ఎటుందో తెలిసినన్నాళ్ళు దాని మీద నమ్మకం పెట్టుకున్నాను. ఇప్పుడు ఏ పక్కకు ఒత్తిగిలాలో తెలియలేదు.

శెట్టిగారు సంస్థానం ప్రజాప్రతినిధి సభలో వర్తకుల తరఫు సభ్యుడు. బడ్జెట్ సమావేశానికి ముందు మా గడప దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మంచం మీద నుంచే ఆయనకు ఒక్క ప్రశ్న నేర్పాను: ఆ వార్డు నడిపే ఖర్చు ఏ పద్దులో ఉంది?

"వాళ్ళు ఇంకేదన్నా చెప్తే?"

"జవాబు వచ్చేదాకా కూర్చోకండి."

సమావేశమైన మర్నాడు తలపాగా తీయకుండానే వచ్చారు. "కూసోలేదప్పా. కట్టడం బాగుందన్యారు, కూసోలేదు. మంచాలిచ్చినందుకు మెచ్చుకున్యారు, కూసోలేదు. అధ్యక్షుడు నాకేసి గుర్రుగా చూసినాడు. కాళ్ళు పీకినాయి కానీ కూసోలేదు."

"ఏమన్నారు?"

"సగానికి ఇస్తామన్యారు."

సగం వార్డుకు సరిపడా నర్సులు వచ్చారు. బెడ్లకంటే కాచుకున్నవాళ్ళు ఎక్కువ. ఒక ఊపిరితిత్తి బాగున్నవాళ్ళకే ముందు అన్నారు. నా ఎడమ పక్క షాడో పెరిగి ఉంటే నాకు లేదన్నమాట. మళ్ళీ ఎక్స్‌రే తీశారు; ఫిల్ము ఆరేదాకా షెడ్డులో బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. నా పక్కన యలహంక నుంచి వచ్చే నేతపని అతను. మేమిద్దరం ఒకే రోజు రీఫిల్‌కు వచ్చేవాళ్ళం.

"పెరగలేదు. లోపలికి రా," అన్నారు డాక్టరు నాతో. అతనితో, "వచ్చే వారం చూద్దాం," అన్నారు.

వార్డులో ఏడాదికి పైగా ఉన్నాను. నీరు రెండుసార్లు తీశారు. ఎడమ పక్క షాడో నెమ్మదిగా మాసిపోయింది. స్పుటమ్ వరసగా నెగటివ్ వచ్చాక ఇంటికి పంపారు. నేను వార్డులో చేరిన కొత్తలో నేతపని అతను కొన్నాళ్ళు కిటికీ దగ్గరకు వచ్చి పలకరించేవాడు. తరువాత రాలేదు. నర్సమ్మను అడిగితే నా టెంపరేచరు చూస్తూ తల అడ్డంగా ఊపింది.

ఇప్పుడు మళ్ళీ ఆఫీసుకు వెళుతున్నాను, కుర్చీ పని మాత్రమే. రీఫిల్స్ ఇంకా నడుస్తున్నాయి. దగ్గు వస్తే ముందు కాగితం చూస్తాను. పాప ఎక్స్‌రే క్లియర్. ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే: రోగి గ్లాసు వేరుగా పెడితే చాలదు, పిల్లల చెయ్యి అందనంత ఎత్తులో పెట్టండి.

నిన్న రీఫిల్‌కు వెళ్ళినప్పుడు ఆ వార్డు కిటికీలోంచి చూశాను. మంచాలు ఇరవై నాలుగు. మనుషులు పన్నెండు.