పిడికిట్లో మూడు రంగులు

పోయిన నెలలో ఒక ఉదయం మూడో పీరియడ్‌కు మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. చేసింది అన్న, మా పెద్దమ్మ కొడుకు. సూరత్ పక్కన ఇచ్ఛాపూర్‌లో ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, డ్యూటీ వేళ ఎన్నడూ ఫోన్ చెయ్యడు. "అమ్మ పోయిందే చెల్లె," అన్నాడు. "పొద్దుగాల చాయ్ తాగింది, తువ్వాల మడతబెట్టింది, గోడకొరిగి కూసున్నది. గంతే."

నా నోట వచ్చిన మొదటి మాట, "తువ్వాల మడతబెట్టిందా?" అని. తల్లి పోయిందని చెబుతున్న మనిషిని అడగాల్సిన మాటేనా అది? కానీ అన్నకు అర్థమైంది. "పెట్టిందే. అంచుకు అంచు కలిపి పెట్టింది," అని, అప్పుడు ఏడ్చాడు. నేను చాక్‌పీసుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

మా అమ్మకు అక్క ఆమె. సూరత్‌లో నవాగామ్‌లో మా గదీ వాళ్ళ గదీ గోడకు గోడ. నాన్న మరమగ్గాల మీద, మా వాళ్ళ మాటలో సాంచాల మీద, పనిచేసేవాడు. అమ్మ ఇంట్లో చీరలకు చమ్కీలు అతికించేది. నేను మాత్రం సగం పెద్దమ్మ గదిలోనే పెరిగాను. ఆమె చదివింది నాలుగో తరగతి. పాండేసరలో ఒక రంగుల మిల్లులో చీరలు మడతపెట్టే విభాగంలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసింది. పొద్దున ఏడింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరేది, కుడి చేతి మణికట్టుకు తెల్ల దారం నాలుగు చుట్లు. కట్టలు కట్టే దారం అది. పండగ పూట గాజులు మార్చేది కానీ ఆ దారం మాత్రం తీసేది కాదు.

కనబడిన గుడ్డనల్లా మడతపెట్టేది. ఎవరింటికైనా పలకరింపుకు పోతే మాట్లాడుతూ మాట్లాడుతూనే వాళ్ళ తీగ మీది బట్టలన్నీ మడతపెట్టి వచ్చేది. ఒకసారి బ్యాంకులో మేనేజరు కుర్చీ మీది తువ్వాలు కూడా మడతపెట్టేసింది. ఆయన తెలుగాయనే, ఉద్యోగం మీద వచ్చినవాడు. "అమ్మా, మా ఇంటికి కూడా రండి," అని నవ్వాడు. పెళ్ళిళ్ళలో ఫోటో దిగేటప్పుడు ముందు వరసకు రమ్మని ఎంత పిలిచినా ఆమె కదిలేది కాదు. "ఎవరు ముంగట నిలబడ్డరు అని సూడకు బిడ్డా, ఎవరు రాలేదో సూడు," అనేది. నిజంగానే చూసేది. రానివాళ్ళ ఇంటికి మర్నాడు లడ్డూలు పట్టుకుపోయేది.

ఇప్పుడు నేను పదకొండో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. నా దగ్గర చదివిన పిల్లలు 'మేడమ్ పిడికిలి' అని ఒక పాఠం గురించి చెప్పుకుంటారు. వరసతో పని లేకుండా కొన్నిటిని ఎంచుకునే లెక్క, కాంబినేషన్లు. పుస్తకంలో అది అర్థం కాని పిల్లలకు నా పిడికిలితో అర్థమవుతుందని స్కూల్లో పేరు. వేరే టీచర్లు కూడా వచ్చి చూసి పోయారు, మా ప్రిన్సిపాల్ మీటింగులో మెచ్చుకున్నారు. నేను ఇంత కాలం చిరునవ్వు నవ్వి ఊరుకున్నాను. ఆ పిడికిలి నాది కాదు. ఆ సంగతి ఆమె బతికుండగా నలుగురిలో చెప్పాల్సింది, చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను పదకొండో తరగతి, సైన్సు. మా గల్లీలో ఆడపిల్ల సైన్సు తీసుకోవడం అదే మొదలు. ఇక పెద్దమ్మ గొప్పలు అంతా ఇంతా కాదు. మిల్లులో ఆమె టేబుల్ చుట్టూ కూర్చునే ఆరుగురు ఆడవాళ్ళకూ నా మార్కులు కంఠతా వచ్చు. "మా పిల్ల ఎసొంటి లెక్కయినా జేస్తది," అని రోజూ వినిపించేదట.

పెళ్ళిళ్ళ సీజన్ ముందు ఆ మిల్లు సేఠ్ ఏడు రంగుల్లో ఒక కొత్త చీర తీశాడు. చిన్న ఊళ్ళ దుకాణాలవాళ్ళు ఏడూ కొనరు, ఏవైనా మూడు తీసుకుంటారు. అందుకని ఏడింటిలో మూడేసి రంగుల ముక్కలు కలిపి, ఎన్ని రకాల కట్టలు వస్తాయో అన్నీ కట్టి నమూనాగా పంపాలి. గుడ్డ కొంచెమే అద్దారు. పార్సిల్ ఎల్లుండి పొద్దున బండికి పోవాలి. ఆ పని పెద్దమ్మ టేబుల్‌కు వచ్చింది. నమూనాల పనికి ఆమెనే పెద్దగా పెడతారని మాట నడుస్తున్న రోజులవి. ఈ పని కుదిరితే ఆ మాట ఖాయం.

సాయంత్రం నా దగ్గరికి వచ్చి అంతా వివరంగా చెప్పింది. మూడు ముక్కలు, ఒక కట్ట, కట్టకు ఒకటే ముడి. నేను పూర్తిగా ఆలోచించానా? లేదు. అప్పుడే నేర్చుకున్న గుణకారం చేతి దురదలా ఉంది. మొదటి రంగుకు ఏడు దారులు, రెండోదానికి ఆరు, మూడోదానికి అయిదు. గుణిస్తే రెండు వందల పది. నోట్‌బుక్కులో ఏడు పేజీలు, పేజీకి ఒక రంగు మొదట పెట్టి ముప్పై వరసలు, స్కెచ్‌పెన్నుతో రాసిచ్చాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, గులాబి, ఊదా, బూడిద. అన్ని పేజీల్లోనూ ఇదే క్రమం.

"గిన్నియా?" అంది పెద్దమ్మ.

"లెక్క తప్పదు పెద్దమ్మా," అన్నాను. ఆ గొంతు ఇప్పుడు తలుచుకుంటే లాగి ఒకటి ఇవ్వాలనిపిస్తుంది.

మర్నాడు ఏడుగురూ తలా ఒక పేజీ పెట్టుకుని కట్టడం మొదలుపెట్టారు. రాసినట్టే కట్టారు. ఏ రంగు పైన ఉండాలో కూడా సేఠ్ చెప్పాడేమో అనుకున్నారు. మధ్యాహ్నానికి తలా ఇరవై కట్టేసరికి గుడ్డ అయిపోయింది. సేఠ్ వచ్చి రెండు కట్టలు తీసి, ఒకదాన్ని తిరగేసి, రెండోదాని పక్కన పెట్టాడు. "అరె బెన్, ఆ తో ఏక్ జ ఛే!" అన్నాడు. ఇవి రెండూ ఒకటే కదమ్మా అని. టేబుల్ మీద అలాంటివి ఇంకెన్నో. గుడ్డ లేదు, మళ్ళీ అద్దడానికి వేళ లేదు. ఈ లెక్క ఎవరిదని సూపర్‌వైజర్ అరిచాడు.

"నాదే," అంది పెద్దమ్మ.

రేపు పొద్దున గేటు తీసేసరికి సరిచెయ్యకపోతే మళ్ళీ రావద్దన్నాడట. నూట నలభై కట్టలనూ గోనెసంచిలో వేసుకుని షేర్ ఆటోలో ఇంటికి వచ్చింది. నేను గడపలోనే విషయం విని ఏడుపు మొదలుపెట్టాను. పెద్దమ్మ సంచి దించి పొయ్యి వెలిగించింది. "ముందుగాల చాయ్ తాగు. తర్వాత ఏడుద్దువు," అంది.

చాయ్ తాగాక మూడు ముక్కలు నా చేతిలో పెట్టింది, ఎరుపు, పసుపు, నీలం. నేను వేళ్ళ మధ్య వరసగా పట్టుకున్నాను.

"గట్ల గాదు. పిడికిట్ల పట్టు. గట్టిగ పట్టు. ఆఁ, ఇప్పుడు జెప్పు, ఏది ముంగటిది? ఏది నడిమిది?"

నేను పిడికిలి వైపు చూశాను.

"పిడికిట్ల వరస ఉంటదా బిడ్డా? దుకాణపాయన కట్ట ఇప్పుతడు, మూడు రంగులు పరుస్తడు. గా మూడు ఏవో గంతే గాయనకు గావాలె. నువ్వు నీ కాయితంల గీ మూడింటిని ఎన్నిసార్లు రాసినవ్? జర ఎంచు."

పేజీలు తిప్పి ఎంచాను. ఎరుపు పేజీలో రెండుసార్లు, పసుపులో రెండు, నీలంలో రెండు. ఆరు.

"సూసినవా? ఒక్క పిల్లను ఆరు పేర్లు బెట్టి పిలిస్తె ఆరుగురు పిల్లలైతరా?"

ఏడుపు మధ్య నవ్వు వచ్చింది. ఇంకో మూడు రంగులు పట్టి చూశాం, మళ్ళీ ఆరే. ఏ పిడికిలైనా ఆరే. రెండు వందల పదిని ఆరుతో భాగించాను. "ముప్పై అయిదు," అన్నాను.

"ఇప్పుడన్నవ్ మంచి మాట," అంది.

గోనెసంచి కుమ్మరించి ఒకే రకం కట్టలన్నీ ఒక కుప్పగా వేస్తూ పోయాం. అమ్మ వచ్చి చెయ్యి వేసింది. చివరికి కుప్పలు ఎంచితే ముప్పై నాలుగు. మళ్ళీ ఎంచాను, ముప్పై నాలుగే. ఈసారి కూడా తప్పు లెక్కే చెప్పానా? ముప్పై నాలుగే నిజమైతే సరే, కానీ ఒకటి లోటుంటే అదేదో ఎలా దొరుకుతుంది?

పెద్దమ్మ ఒక్కో కుప్పలోంచి ఒక్కో కట్ట తీసి ముందు పెట్టుకుంది. "ఒక్కొక్క రంగు ఎన్ని కట్టలల్ల ఉన్నదో సూస్తా," అని వేళ్ళ గణుపుల మీద ఎంచింది. ఎరుపు పదిహేను. పసుపు పదిహేను. ఆకుపచ్చ, నీలం కూడా పదిహేనే. గులాబి పద్నాలుగు. ఊదా పద్నాలుగు. బూడిద పద్నాలుగు.

"ఇగో, దొరికింది! గీ ముగ్గురు ఒక్కకాడ కలువలే," అంది.

ఒక్కో రంగు పదిహేను కట్టల్లో ఎందుకు ఉండాలో సూత్రం నాకు ఆ తర్వాతి నెలలో పుస్తకంలో దొరికింది. ఒక రంగు పట్టుకుంటే మిగతా ఆరింటిలో రెండు ఎంచుకోవాలి, అది పదిహేను రకాలు. ఆమెకు సూత్రం అక్కర్లేకపోయింది. ఏ రంగుకూ తక్కువ చెయ్యకూడదు, అంతే ఆమెకు తెలిసింది. నా జాబితాలో ఆ మూడు రంగులూ ఎప్పుడూ చివరివే. మధ్యాహ్నానికి ఏ పేజీలోనూ ఎవరూ ఆ చివరి దాకా చేరలేదు. "ఎన్కకు రాసినోళ్లు ఎన్కనే ఉండిపోయిన్రు సూడు," అని, మిగిలిన కట్టల్లోంచి గులాబి, ఊదా, బూడిద ముక్కలు తీసి, తన మణికట్టు దారం కొంత తెంపి ముప్పై అయిదో కట్ట కట్టింది. ఆ ముడి బిగించేటప్పుడు ఆమె ముఖం చూశాను. ఇంత చదివాను, అంత నమ్మకంగా ఒక లెక్కను నేనెప్పుడూ ముగించలేదు.

పార్సిల్ వేళకు పోయింది. అయినా సూపర్‌వైజర్ ఆమెను నమూనాల టేబుల్ నుంచి తీసేసి, ఆ సీజనంతా చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పనిలో వేశాడు. మళ్ళీ సీజన్‌కు వాళ్ళే పిలిచారు, పని మానేదాకా ఆ టేబుల్‌కు ఆమే పెద్ద. దారాలు కత్తిరించిన ఆ నెలల్లో మాత్రం నేనెన్నడూ మిల్లుకు పోయి తప్పు నాదని చెప్పలేదు. భయం, సిగ్గు. తర్వాత అలవాటు.

దినాల నాడు ఆమె టేబుల్ ఆడవాళ్ళు వచ్చారు. నలుగురే మిగిలారు. అందరిలో పెద్దామె నా గడ్డం పట్టుకుంది. "నువ్వేగద బిడ్డా ముప్పై అయిదు జెప్పి మమ్ముల గట్టెక్కిచ్చింది! మీ పెద్దమ్మ జెప్పంగ జెప్పంగ మా చెవులు గింగురుమన్నయ్."

ఇక నా వల్ల కాలేదు. "ఆ రెండు వందల పది నాదే," అన్నాను. "తప్పు నాది. మాట పడింది ఆమె."

"నీ రాత మాకు తెల్వదా?" అంది ఆమె తాపీగా. "మేము గప్పుడే అడిగినం, పిల్ల జేసిన తప్పు నీ మీద ఎందుకేసుకున్నవని. పిల్లది తప్పు లేదు, నేనే అడుగుడు తప్పడిగిన అన్నది. వరస పెట్టి ఎన్ని తీర్లు అని అడిగిన, పిల్ల గదే జెప్పింది అన్నది."

"లేదు. ఆమె సరిగ్గానే అడిగింది," అన్నాను. పిడికిలి సంగతి, పదిహేనుల సంగతి, కలవని మూడు రంగుల సంగతి అన్నీ చెప్పాను. నలుగురూ నోరు తెరిచి విన్నారు. పెద్దామె కళ్ళు తుడుచుకుని, "ఓర్నీ, ఇన్నేండ్లు మమ్ములనే బురిడి గొట్టిచ్చిందా! గంత లెక్క దానికొచ్చా!" అని ఫక్కున నవ్వింది. ఏడుపు ఇంట్లో అందరూ అటు తిరిగారు. నాకు ఆ రోజు కలిగిన గర్వం నా డిగ్రీ చేతికొచ్చిన రోజు కూడా కలగలేదు.

నేను వెళ్ళేముందు అన్న ఒక గోనెసంచి తెచ్చాడు. మంచం కింద ఉందట. "గీ గుడ్డ పేలికలు ఏం జేయాల్నే?" అన్నాడు. అప్పుడు మిగిలిపోయిన కట్టలు, ముడి విప్పనివి.

మర్నాడు వాటిని క్లాసుకు పట్టుకుపోయాను. ముందు బోర్డు మీద రెండు వందల పది రాసి, "ఈ తప్పు నేను మీ వయసులో చేశాను," అన్నాను. తర్వాత, "ఇన్నాళ్ళూ మీరు నాది అనుకున్న పిడికిలి మా పెద్దమ్మది. నాలుగో తరగతి చదివింది. పాండేసరలో చీరలు మడతపెట్టేది," అన్నాను. ఆ పిల్లల్లో సగం మంది అమ్మలు అవే మిల్లులకు పోతారు. తలా ఒక కట్ట ఇచ్చి, ముడి విప్పి పిడికిట్లో పట్టమన్నాను. ఏది ముందు, ఏది మధ్య అని అడిగాను. అందరూ నవ్వారు. కలవని మూడు రంగుల సంగతి కూడా చెప్పాను.

గంట కొట్టింది. పిల్లలు ముక్కలు బల్ల మీద పెట్టి వెళ్ళారు. చివరి బెంచీ అమ్మాయి మాత్రం లేవలేదు, పక్కవాళ్ళు పెట్టిపోయిన ముక్కల్లోంచి మూడు ఏరి పిడికిట్లో పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి గులాబి, ఊదా, బూడిద అంచులు బయటికి కనిపిస్తున్నాయి.