పుర్రచేతి కత్తి

నేను డైరీ ఎడమ చేత్తో రాస్తాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పలాసలో నేను పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీలో చీటీలు, డబ్బాల మీద గుర్తులు, నెలాఖరు సంతకం, అన్నీ కుడి చేత్తోనే. బడిలో వేసిన కొత్తలో అమ్మ నా ఎడమ చేతికి పాత చీర పేలిక చుట్టి పంపేది, బలపం ఆ చేత్తో పట్టుకోకుండా. "పుర్రసేత్తో రాత్తే నలుగురూ నవ్వుతారే" అనేది. కొన్నాళ్ళకి కుడి చెయ్యి అలవాటైంది, పేలిక అక్కర్లేకపోయింది. కానీ చుట్టూ ఎవరూ లేకపోతే పెన్ను దానంతట అదే ఎడమ చేతిలోకి వచ్చేస్తుంది. సాయంత్రం అమ్మ బిందెలు పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి వచ్చే అరగంటా నాది. రాసింది అరచేతి అంచుకి అంటుకుంటుంది. అమ్మ గుమ్మం ఎక్కేలోపు ఆ మరక కడిగేసుకుంటాను.

డైరీ చివరి పేజీల్లో నా కత్తుల వివరాలు ఉన్నాయి. ఒక్కో కత్తికి ఒక్కో పేజీ, పేజీకి నాలుగు గడులు: పొడవు, బరువు, ఎక్కడ అరిగింది, ఎవరి చెయ్యి.

మొదటిది నాన్న కొబ్బరి కత్తి. మా ఉద్దానంలో చాలామందికి వచ్చే ఆ కిడ్నీ జబ్బుతోనే నాన్న పోయారు. పన్నెండో రోజున ఆయన బట్టలు, దుప్పటి, చెప్పులు ఎవరెవరికో ఇచ్చేస్తుంటే నేను వెళ్ళి కత్తిని ధాన్యం డబ్బా వెనక దాచాను. నాన్నది కూడా పుర్రచెయ్యే. అన్నం కుడి చేత్తో తినేవారు, తోటలో కత్తి మాత్రం ఎడమ చేత్తో పట్టేవారు. అందుకే ఆ కత్తి అందరి కత్తుల్లా కాకుండా రెండో వైపు అరిగింది. రెండోది మా వీధి చివర చేపలమ్మే మామ్మ వాడివాడి పక్కన పడేసిన కత్తి. మూడోది ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే ఒకావిడ పని మానేసి వెళ్తూ బల్ల మీద వదిలేసిన చిన్న చాకు, అగ్గిపుల్లంత సన్నగా అరిగిపోయింది. మూడింటినీ రేకు పెట్టెలో చీరల అడుగున పెట్టుకున్నాను.

నాలుగోదాని కథ టెక్కలి లైబ్రరీలో మొదలైంది. అక్కడ బొమ్మల పుస్తకం ఒకటి చూశాను. వెయ్యేళ్ళ కిందట ఎక్కడో ఉత్తరాన చలి దేశాల్లో బతికిన సముద్రపు జనం గురించి. వాళ్ళని వైకింగులు అంటారు. వాళ్ళలో కొందరిని పడవలో పడుకోబెట్టి పడవతో సహా పూడ్చేవాళ్ళట. పక్కన కత్తి, దువ్వెన, చిన్న తక్కెడ పెట్టేవాళ్ళట. పోయినవాళ్ళ వస్తువులు ఎవరికీ పంచకుండా వాళ్ళ దగ్గరే ఉంచడం నాకు నచ్చింది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎదురు కుర్చీలో పేపరు చదువుతున్న ఆయన రెండుసార్లు తలెత్తి చూసేసరికి పుస్తకం మూసేశాను.

ఏడాది తర్వాత, అలాంటి కత్తికి నకలు ఒకటి ఫోన్‌లో కనిపించింది. అంచులకి పదునుండదని, దాచుకునేవాళ్ళ కోసమే చేశామని రాశారు. కొన్నాను. గురువారం పార్సెల్ వచ్చింది. నా భుజం దాకా ఉన్న అట్టపెట్టె.

"ఏటే అది?" అంది అమ్మ.

"కర్టెన్ రాడ్డు."

"మనకి కర్టెన్లేవి?"

"కొంటాను."

మా ఇంట్లో ఇప్పటికీ కర్టెన్లు లేవు. "ఆ రాడ్డెప్పుడు బిగిత్తావు?" అని అమ్మ అప్పుడప్పుడు అడుగుతూనే ఉంటుంది.

నచ్చకపోతే బుధవారంలోగా తిప్పి పంపాలి. ఆరు రోజుల్లో ఆ కత్తి మంచిదో కాదో నేను తేల్చుకోవాలి. ఫ్యాక్టరీలో నా పని కూడా అదే. గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, మాడింది ఒక పక్కకి. ట్యూబులైటు కింద మంచి పప్పుకీ లేత మాడు పప్పుకీ తేడా తెలీదు, పగటి వెలుతురు కావాలి. అందుకని శుక్రవారం పొద్దున్న అమ్మ కొబ్బరి తోటకి వెళ్ళాక కత్తిని కిటికీ దగ్గర పెట్టి చూశాను. నడుమ గాడి తిన్నగా ఉంది. రెండంచులూ సమంగా ఉన్నాయి. పిడి మొదట్లో ఉండే అడ్డకమ్మి ఒక పక్క కొంచెం ఎత్తుగా ఉంది. తోలు చుట్టిన పిడి మెరుస్తోంది. వంటింటి కాటా మీద పెడితే వాళ్ళు రాసిన దానికన్నా ఎక్కువ తూగింది. గుమ్మం అంచు మీద అటూ ఇటూ జరిపి ఎక్కడ నిలుస్తుందో చూశాను. అడ్డకమ్మికి జానెడు దూరంలో నిలిచింది. అంటే మొన బరువు.

ఇలాంటి వస్తువులు దాచుకునేవాళ్ళ గ్రూపు ఒకటి ఫోన్‌లో ఉంది. రెండేళ్ళుగా అందులో ఉన్నాను, మారుపేరుతో. అందరూ నన్ను బ్రో అంటారు. నేను దిద్దలేదు. ఫొటోలు పెడితే వెంటనే ఒకరు అడిగారు: "అలుగు తోక పిడి లోపల చివరిదాకా ఉందా బ్రో? లేక సన్న కడ్డీ అతికించారా?"

అది బయటికి కనిపించదు. అలుగు, అంటే కత్తి ఇనుము, పిడిలోకి వెళ్ళి చివరి గుండు దాకా ఒకే ముక్కగా ఉండాలి. అలా ఉంటే కత్తి, లేకపోతే బొమ్మ. నాకు తెలీదని రాశాను. "అయితే డౌటే. తిప్పి పంపెయ్ బ్రో, గోడకి తగిలించుకునే సరుకు" అన్నారు. తర్వాత ఇంకెవరో పెట్టిన డాలు ఫొటో మీదికి మాట మళ్ళింది.

నాకు తెలిసినవాళ్ళలో ఇనుము లోపల సంగతి చెప్పగలిగింది ఒక్కరే. నౌపడ దగ్గర రోడ్డు పక్కన కొలిమి ఉన్న తాత. నాన్న కత్తి చేసింది ఆయనే. చిన్నప్పుడు నాన్నతో వెళ్ళి ఆ కొలిమి దగ్గర కూర్చునేదాన్ని.

ఆదివారం, ఫ్యాక్టరీకి సెలవు. కత్తిని బయట పట్టుకుని ఎలా వెళ్ళాలి? పెరట్లో అమ్మ కట్టి పెట్టిన కొబ్బరి ఈనెల చీపుర్లు నాలుగు తీసుకుని, మధ్యలో కత్తి పెట్టి, తాడుతో చుట్టేశాను. షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా ఖాళీ చేపల బుట్టతో ఉన్న ఒకావిడ అడిగింది.

"సీపుర్లు జత ఎంతకిత్తావమ్మా?"

"అమ్మడానికి కాదు పిన్నీ."

"అమ్మనపుడు ఇన్నెందుకు మోత్తన్నావు? ఊరంతా తుడుత్తావేటి?"

ఆటో అంతా నవ్వింది. ఆవిడ వంగి కట్టని వేళ్ళతో నొక్కి చూసింది. "లోన ఇనుమేటో ఉందే?"

"కర్టెన్ రాడ్డు" అన్నాను.

"సీపుర్లల్లో రాడ్డేటి తల్లీ" అంది ఆవిడ. దిగేదాకా మళ్ళీ తలెత్తలేదు నేను.

తాత నన్ను గుర్తుపట్టలేదు. నాన్న పేరు చెప్పాక "ఆ పుర్రసెయ్యోడి కూతురివా" అన్నారు. కట్ట విప్పి కత్తి తీసిచ్చాను. ఆయన నవ్వలేదు, భయపడలేదు. అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది ఎవుల్ది? నాటకాలోల్లదేటి?"

"కాదు తాతా. పాత కాలం పడవలోళ్ళది. అలాంటిది."

"ఏ ఊరోల్లు?"

"చాలా దూరం. ఉత్తరాన."

"ఇచ్ఛాపురం అవతలేటి?"

"ఇంకా చాలా అవతల."

"పడవలోల్లకి ఇంత కత్తెందుకు? సేపలకి ఏపాటిది కావాల?"

"చేపలకి కాదు తాతా. మనుషుల మీదికి వెళ్ళేవాళ్ళు."

"మరైతే పిడి గట్టిగుండాల" అన్నారాయన, ఇంకేమీ ఆశ్చర్యపోకుండా.

అడ్డకమ్మి కింద రెండు వేళ్ళతో పట్టి కత్తిని వేలాడదీశారు. చిన్న సుత్తితో అలుగు మీద తట్టారు. ఖంగుమని చాలాసేపు మోగింది. తర్వాత పిడి చివర గుండు మీద తట్టారు. ఆ మోత ఒక్కసారికే చచ్చిపోయింది. మళ్ళీ తట్టి, ఈసారి పిడిని చెవికి ఆనించుకున్నారు.

"అలుగు మంచి ఇనుమే. ముందర సోకుగానే సేసినారు. పిడి లోన అతుకుంది. సన్న సువ్వ. గట్టిగా ఒక్కపాలి ఇదిలిత్తే అలుగు ఎగిరెళ్ళిపోద్ది."

"సరి చెయ్యొచ్చా?"

"తోలు కోసి, కర్ర పగలేసి సూడాల. లారీ కమాను పట్టీ ఉంది, దాంతో కొత్త తోకెయ్యొచ్చు. వోరం పడతాది."

పిడి పగలగొడితే ఇక తిప్పి పంపడం కుదరదు. ఆ మాట చెప్పాను. ఆయన పొయ్యిలో బొగ్గు ఎగదోస్తూ, "ఇంద, పట్టుకో ఒకపాలి" అని కత్తి నా వైపు చాపారు. పట్టుకుని నిలబడి ఆలోచించాను. పంపేస్తే డబ్బు తిరిగి వస్తుంది, ఇంకోటి కొనుక్కోవచ్చు. గ్రూపులో ఆ మాటే అన్నారు. కానీ ఆ మాటలు రాసినవాళ్ళలో ఒక్కరూ దీన్ని చెవి దగ్గర పెట్టుకోలేదు. కత్తి కొన్నాక నాతో కలిసి దాన్ని చూసిన మొదటి మనిషి ఈయనే.  కాసేపయ్యాక ఆయన కత్తి వైపు కాకుండా నా చేతి వైపు చూస్తున్నారని గమనించి, గబుక్కున కుడి చేతిలోకి మార్చుకున్నాను.

"పగలగొట్టండి తాతా" అన్నాను.

"పదునెట్టమంటావా?"

"వద్దు. దాచుకోడానికే."

"వోడకపోతే ఇనుముకి ఏటి సుకం" అని గొణుక్కుని తోలు కోయడం మొదలుపెట్టారు. లోపల నిజంగానే ఒక సన్న చువ్వ, మేకు లావున, అతుకు దగ్గర నల్లగా.

బుధవారం వచ్చి వెళ్ళిపోయింది. గ్రూపులో "పంపేశావా బ్రో?" అని ఒకరు అడిగారు. లేదని రాశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ పూట డైరీలో కత్తి పేజీ తీశాను. పొడవు రాశాను, బరువు రాశాను. ఎక్కడ అరిగింది అన్న దగ్గర ఎక్కడా లేదని రాశాను. ఎవరి చెయ్యి అన్న గడి ఖాళీగా వదిలేశాను. మిగతా మూడు కత్తుల్నీ ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి పట్టుకున్నారు. ఇది అట్టపెట్టెని తప్ప ఏ చేతినీ ఎరగదు.

తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. తాతని నేను చూడడం అదే ఆఖరు. వానాకాలం రాకముందే ఆయన పోయారని ఫ్యాక్టరీలో నౌపడ నుంచి వచ్చే ఒకావిడ మాటల మధ్యలో చెప్పింది. పదకొండో రోజున వెళ్ళాను. రోడ్డుకి అవతల నిలబడ్డాను. కొలిమిలో సామాను పాత ఇనుము కొనేవాళ్ళ బండిలోకి ఎక్కిస్తున్నారు. ఆ చిన్న సుత్తి ఒక్కటి ఇమ్మని అడుగుదామనుకున్నాను. కత్తి కాకపోయినా నా పెట్టెలో చోటుంది. ఎవరివమ్మా నువ్వు అంటే ఏం చెప్పాలో తేల్చుకునేలోపు బండి కదిలిపోయింది.

ఆ రెండో ఆదివారం మాత్రం కొలిమి మండుతూనే ఉంది. తాత గోనెసంచి కింద నుంచి కత్తి తీశారు. అలుగు అలాగే ఉంది. పిడికి తోలు లేదు. చింత చేవతో కొత్త పిడి, నూనె రాసి నునుపు చేశారు. సుత్తితో గుండు మీద తట్టి చూపించారు. ఈసారి మోత అలుగు చివరిదాకా పాకింది.

కుడి చేత్తో అందుకున్నాను.  పుస్తకంలో కత్తుల పిడులు రెండు వైపులా ఒకేలా ఉంటాయి, ఏ చేతికైనా ఒకటే. ఇది అలా లేదు. ఒక వైపు ఉబ్బెత్తుగా, ఇంకో వైపు వేళ్ళకి పల్లాలు తీసి, కొంచెం వంకరగా ఉంది. పట్టుకుంటే బొటనవేలి మొదట ఒరుసుకుంటోంది. నకలు అన్న మాట కూడా పోయింది. ఇది ఏ గ్రూపులోనూ చూపించలేను. ఆయనకి చూపు తగ్గిందేమో, అడగలేకపోయాను. బాగుంది తాతా అన్నాను.

"ఆ సెయ్యి కాదు" అన్నారాయన.

నా కుడి చేతిలోంచి కత్తి తీసుకుని, ఎడమ చెయ్యి పట్టి ముందుకి లాగి, అందులో పెట్టారు. వేళ్ళు నాలుగూ వాటి పల్లాల్లోకి వెళ్ళి కూర్చున్నాయి. ఉబ్బెత్తు అరచేతికి సరిగ్గా నిండింది. ఇన్నాళ్ళూ మొన బరువనుకున్న కత్తి ఇప్పుడు తిన్నగా నిలబడింది. నేను వెంటనే రోడ్డు వైపు చూశాను, ఎవరైనా ఉన్నారేమోనని.

"మీ నాయినా ఇలగే ఇటూ అటూ సూసీవోడు" అన్నారు తాత. "ముందర ఆడి సెయ్యి కొలిసి, అప్పుడు కత్తికి పిడేసీవోన్ని."

పోయిన ఆదివారం నా చేతి కొలత ఆయనకి ఎలా దొరికిందో అప్పుడు అర్థమైంది.   కింద కూర్చుని చీపుర్ల మధ్య కత్తి పెట్టి తాడు చుట్టాను. ముడి ఎడమ చేత్తోనే వేశాను. రోడ్డు మీద ఆటో ఆగింది. లేచి రెండడుగులు వేశాక, ఆయన పొయ్యి వైపే చూస్తూ అన్నారు:

"ఇంకెవులికీ ఇవ్వకు పాపా. ఆలకి కుదరదు."