చిక్కవెంకటప్ప దొంగ కాడు

హనుమప్ప పగ తీర్చుకోలేదని మా చర్చిలో అందరికీ తెలుసు. ఎవరైనా ఆ మాట ఎత్తి పొగడబోతే మాత్రం ఆయన లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఎందుకో చాలా ఏళ్ల తర్వాత గాని నాకు చెప్పలేదు.

ఆయనది టేకల్ దగ్గర ఒక పల్లె. తాతల నాడు చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. అన్న చిక్కవెంకటప్పా ఆయనా కోలారు బంగారు గనుల్లో ఒకే షిఫ్టులో భూమి లోపల పనిచేసేవారు. గనులు సర్కారువి అయిన కొన్నేళ్లకు, 1964లో ఒక మధ్యాహ్నం, షిఫ్టు ముగిసి వస్తుంటే గేటు దగ్గర సోదా చేశారు. చిక్కవెంకటప్ప సద్ది క్యారియర్ అడుగు గిన్నెలో బంగారు చార ఉన్న రాయి దొరికింది.

"నాకు తెలీదప్పా, మా అమ్మ మీద ఒట్టు" అని ఆయన మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం పోయింది, గనివాళ్లు ఇచ్చిన లైన్ ఇల్లు పోయింది. భార్య చిన్నవెంకటమ్మను తీసుకుని ఊరికి వెళ్లాడు. అక్కడ ఎవరూ ఎదురుగా ఏమీ అనలేదు గాని, కోతలకు పిలవడం మానేశారు. గోడ వైపు తిరిగి పడుకోవడం అలవాటైంది ఆయనకు. రెండేళ్లు తిరక్కుండానే పోయాడు.

ఆ దుఃఖంలోనే హనుమప్ప చర్చికి రావడం మొదలుపెట్టి, ఏడాదికి బాప్తిస్మం తీసుకున్నాడు. చదువు పెద్దగా రాదు. విన్న వాక్యాన్ని మనసులో పెట్టుకునేవాడు. తనను చంపాలని వెంటాడిన సౌలు రాజు గుహలో చేతికి చిక్కినా దావీదు చంపకుండా వదిలిపెట్టిన సంగతి ఆయనకు బాగా నచ్చింది. "అదీ మన మాదిరే నేల లోపల జరిగింది" అనేవాడు.

1971లో ఒకరోజు పని ముగించి పైకి వెళ్లబోతుండగా, మేస్త్రీ అంజినప్ప ఒక మూల కూర్చుని సద్ది గిన్నెలో రాయి దాచుకోవడం హనుమప్ప కంటబడింది. నెత్తి మీది దీపం వెలుగు మొహాన పడగానే అంజినప్ప గబుక్కున గిన్నె మూత వేశాడు.

"చెప్పొద్దప్పా. ఉద్యోగం పోతే సచ్చిపోతాను."

హనుమప్ప మనసులో ఏదో తట్టింది. "మా అన్న గిన్నెలో ఏసింది ఎవురు?"

అంజినప్ప గిన్నె కింద పెట్టాడు. "నేనే. ఆ దినం సోదా గట్టిగా ఉండాదని తెలిసె. భయపడి పక్కనుండే క్యారియర్‌లో ఏసేసినా. అది ఎవురిదో గూడా చూళ్లేదు."

పైన గేటు దగ్గర ఒక్క మాట చెబితే చాలు. అంతదాకా కూడా అక్కర్లేదు, హనుమప్ప చేతిలో సుత్తి ఉంది. గోడ వైపు తిరిగిన అన్న వీపు కళ్ల ముందు ఆడింది. ఆ తర్వాత దావీదు గుర్తుకొచ్చాడు. శిక్షించడం ప్రభువు పని, నాది కాదు అనుకున్నాడు. రాయి లాక్కుని ముడిరాళ్ల కుప్పలోకి విసిరేశాడు.

"లెయ్. ఇంగ ఈ పని చేయొద్దు" అని, అంజినప్పతో కలిసే పైకి వచ్చాడు.

క్షమించినవాడు ఆ తప్పు గురించి మళ్లీ నోరెత్తకూడదని ఆయన నమ్మకం. ఎవరికీ చెప్పలేదు. ఏటా ఊరికి వెళ్లినప్పుడు వదిన రాగిముద్ద చేసి పెట్టేది. ఒకసారి వడ్డిస్తూ, "మీ అన్న నిజంగానే తీసినాడేమో. నాకైనా చెప్పి పోయుంటే బాగుండు" అంది. ఆయన చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. అయినా చెప్పలేదు. చెబితే అంజినప్ప ఉద్యోగం పోతుంది.

1976 నాటికి రాతిదుమ్ము అంజినప్ప ఊపిరితిత్తులను తినేసింది. హనుమప్పే వెళ్లి లేపి కూర్చోబెట్టేవాడు, వీపు రాసేవాడు. ఒకరోజు అంజినప్ప, "మీ వదినకు చెప్పల్ల. చెప్పకుండా పోలేను" అన్నాడు.

హనుమప్ప ఊరికి వెళ్లేసరికి వదిన చేలో చెనక్కాయ చెట్లు పీకుతోంది. గట్టు మీద నిలబడి అంతా చెప్పాడు.

"ఎన్నాళ్లాయె నీకు తెలిసి?"

"ఐదేండ్లు."

ఆమె చేతిలోని చెట్లు కింద పడేసింది. "నువ్వు క్షమించినావు, మంచిదే. వాడు చెడుపు చేసింది నీకొక్కడికేనా? నన్నొక మాట అడగొద్దా? ఐదేండ్లు నా మొగుణ్ణి నేనే దొంగనుకొంటి గదా, హనుమప్పా!"

మరునాడు ఆయనతో రైలెక్కింది. ఆమెను చూసి అంజినప్ప లేవబోయాడు, చేతకాలేదు. పడుకునే చేతులు జోడించాడు.

"ఎందుకప్పా అట్ల చేసినావు?"

"భయమమ్మా."

ఆమె దగ్గరికి వెళ్లింది. అంజినప్ప భార్య రామక్క చేతిలోంచి గంజి గిన్నె తీసుకుని, పక్కన కూర్చుని, కొంచెం కొంచెంగా తాగించింది. క్షమించానని అనలేదు. నాలుగో రోజు అంజినప్ప పోయాడు.

తన భర్త దొంగ కాడని ఊళ్లో ఆమె ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కొందరు అయ్యో అన్నారు. కుర్రకారుకు చిక్కవెంకటప్ప ఎవరో కూడా తెలియదు. ఆ సంగతి మా చర్చి దాకా అలాగే వచ్చింది.

"అంజినప్పను వదిలిపెట్టినందుకు నాకు బాధ లేదు. ఇంగో తూరి అయినా వదిలేస్తా" అన్నాడు హనుమప్ప నాతో, రిటైరయ్యాక. "ఆ పొద్దే పోయి వదినకు చెప్పుండల్ల. ఆయమ్మ ఎవురికీ చెప్పకపోయుండును. ఆయమ్మను అంత మాత్రం నమ్మలేకపోయినా."

ఆ తర్వాత కూడా ఆయన వెళితే ఆమె అన్నం పెట్టేది. పక్కన కూర్చుని మాట్లాడటం మాత్రం మానేసింది. 1984లో ఆమె చనిపోయింది.

"నిన్ను క్షమించిందా?" అని అడిగాను.

"అడగలేదప్పా. ధైర్యం చాల్లేదు" అన్నాడు.