ఐదు గుండీల స్వెటరు

రెండువేల పదమూడులో, ఆక్లాండ్‌లో డిప్లొమా అయ్యాక, నాకు దొరికిన మొదటి ఉద్యోగం న్యూ లిన్ దగ్గర ఒక రెస్ట్‌హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో. పొద్దున్న ఏడింటికి డ్యూటీ ఎక్కితే టిఫిన్ టైముకల్లా ఏడుగురు పెద్దవాళ్ళకి ఒళ్ళు తుడిచి, బట్టలు తొడిగి, హాల్లోకి చేర్చాలి. ఆరుగురు పర్లేదు. ఏడో ఆవిడతోనే నా తలప్రాణం తోకకొచ్చేది.

ఆవిడ పెళ్ళయిన కొత్తలో హాలండ్ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మతిమరుపు ముదిరి ఇంగ్లీషంతా జారిపోయింది, చిన్నప్పటి డచ్ ఒక్కటే మిగిలింది. అందులోనూ నాకు రోజూ వినిపించేది ఒకటే. "ఇక్ జెల్ఫ్" అనేది, గుండెల మీద వేలు పెట్టుకుని మరీ. ఆదివారం చూడ్డానికొచ్చిన కూతుర్ని అడిగితే, "నేనే చేసుకుంటానంటోంది. మా అమ్మ మొదట్నుంచీ ఇంతే" అంది. మీరే చేసుకోండి అనడానికి "యూ జెల్ఫ్" అనాలట. నేనైనా, మీరైనా, వాళ్ళైనా పక్కన జెల్ఫ్ తగిలిస్తే చాలట. నేర్చుకోవడం తేలికే. ఓపిక పట్టడమే నా వల్ల కాలేదు.

స్వెటరుకి ఐదు గుండీలు. ఒక్కోదానికీ ఐదు నిమిషాలు, మధ్యలో కిటికీలోంచి పిట్టల్ని చూడ్డం. నాకు ఒళ్ళు మండేది. పైగా మా ఇంట్లో పెద్దవాళ్ళ చేత పని చేయించడమంటే పాపం. మా నాయనమ్మకి మంచినీళ్ళు కూడా మేమే నోటిదాకా అందించేవాళ్ళం. అంచేత ఆవిడ చేతులు పక్కకి తీసేసి అరనిమిషంలో గుండీలన్నీ పెట్టేసేదాన్ని. రికార్డులో రోజూ 'బట్టలు మేమే తొడిగాం' అని రాసేదాన్ని. సేవ చేస్తున్నానని లోపల కాస్త గొప్ప కూడా.

మొదట్లో నా చేతిమీద కొట్టింది. తర్వాత అరిచింది. ఆ తర్వాత ఆ మాట అనడమే మానేసింది. హమ్మయ్య, దారికొచ్చింది అనుకున్నాను.

నాలుగు నెలలకి హెడ్‌నర్సు పిలిచి, ఆవిడని పై అంతస్తుకి, మంచం పట్టినవాళ్ళ వార్డుకి మారుస్తున్నామంది. అక్కడికెళ్తే ఇక తోటలోకి రావడం ఉండదు.

"అదేంటి, ఆవిడ నడుస్తోంది కదా" అన్నాను.

"ఏ పనీ చేసుకోలేదని రోజూ నువ్వే కదా రాస్తున్నావు?"

పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. ఆవిడకి చేతనవును, తొందర నాది, ఒక్కసారి వచ్చి చూడండి అని బతిమాలాను.

మర్నాడు నర్సు వచ్చి గుమ్మంలో నిలబడింది. స్వెటరు ఆవిడ ఒళ్ళో పెట్టి "యూ జెల్ఫ్" అన్నాను. ఎంతసేపైనా పర్లేదండీ అని తెలుగులో కూడా చెప్పాను. పది నిమిషాలు కదలకుండా నిలబడ్డాను. ఈ ఓపిక అప్పుడెక్కడ చచ్చిందో.

ఆవిడ స్వెటరు తీసి నా చేతికిచ్చింది. నాకు వీలుగా ఉండాలని రెండు చేతులూ బార్లా చాచి, గడ్డం పైకెత్తి కూర్చుంది, నేను అలవాటు చేసినట్టే. నామీద నాకే అసహ్యం వేసింది. అయినా తొడిగాను, చలిగా ఉంది మరి.